చేతికందే పిట్ట

మా చిన్నప్పుడు ఆదివారం ఇంట్లో కోడిని కోస్తే పిల్లలమంతా కూర కోసం కాదు, కాళ్ల కోసం కాచుకుని ఉండేవాళ్లం. కోసి పక్కన పడేసిన కోడికాలు చేతికొస్తే పండగే. తెగిన చోట తెల్లటి తాళ్లు రెండు మూడు బయటికి కనిపిస్తాయి. ఒకదాన్ని గోళ్లతో పట్టి లాగితే వేళ్లు నాలుగూ పిడికిలిలా ముడుచుకుంటాయి. ఎదుటి వైపున్న తాడు లాగితే చాచుకుంటాయి. ఆ కాలితో చెల్లెలి జడ పట్టుకుని లాగినందుకు తిన్న దెబ్బలు ఇప్పటికీ గుర్తే.

పక్షుల గురించి చిన్నపిల్లలకు ఎలా చెప్పాలన్న ఈ అధ్యాయాన్ని ఆ కోడికాలితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన బడుల్లో పక్షుల పాఠం గోడకు వేలాడే చార్టుతో మొదలవుతుంది. నెమలి, చిలుక, పావురం, గుడ్లగూబ. పేరు చెప్పు, రంగు చెప్పు, ఏం తింటుందో చెప్పు. అయిదేళ్ల పిల్లకు పేరు ఏం చేసుకోవడానికి? చేతికి ఏదో ఒకటి తగలాలి. తగిలాక ప్రశ్న దానంతటదే పుడుతుంది. ప్రశ్న పుట్టాక పేరు కావాలని పిల్లే అడుగుతుంది.

మన దేశంలో పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయిన సలీం అలీ కథ కూడా అదే. 1896లో పుట్టిన ఆయన పదేళ్ల వయసులో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. రోజూ చూసే పిచ్చుకలకు అది లేదు. ఇదేం పిట్ట? ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. మామయ్య ఒక ఉత్తరం ఇచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ కార్యదర్శిగా ఉన్న మిలార్డ్ అనే ఇంగ్లిషు పెద్దమనిషి కుర్రాణ్ని కసరలేదు. సొరుగులు లాగి, పాడవకుండా దాచిన పక్షులను ఒక్కొక్కటే తీసి చూపించాడు. 1985లో రాసుకున్న ఆత్మకథకు సలీం అలీ ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అని పేరు పెట్టింది ఆ పిచ్చుకను తలచుకునే.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఆ కుర్రాడికి పిట్ట చేతికందింది, కానీ ప్రాణం పోయాక. ఈ రోజు ఏ పిల్లాడి చేతికీ ఎయిర్‌గన్ ఇవ్వం, ఇవ్వకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెట్టుకోవడమూ నేరమే. దసరా రోజున పాలపిట్టను పట్టి తెచ్చి, దర్శనం చేయించి డబ్బులడిగే వాళ్లను చూసి “పిల్లలకు దగ్గరగా చూపిద్దాం” అని సరదాపడే తల్లిదండ్రులు కూడా మానుకోవాల్సిందే. మరి పిట్టను పట్టుకోకుండా పిట్టను పిల్లల చేతికి ఇవ్వడం ఎలా?

దీనికి నాకు దొరికిన సమాధానం కోడి. ‘పక్షి’ అనగానే మనకు కోడి గుర్తురాదు. పక్షుల పేర్లు చెప్పమంటే పిల్లలు ఆస్ట్రిచ్ దాకా పోతారు గానీ గంప కిందున్న కోడిని మరిచిపోతారు. నిజానికి పక్షి ఒంట్లో ఉన్న విశేషాల్లో ముప్పాతిక మూడు వంతులు ఆ గంప కిందే ఉన్నాయి.

కోడికాలి సంగతి ముందు తేల్చేద్దాం. ఆ తెల్ల తాడును మనం నరం అంటాం. అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం. వేళ్లను కదిలించే కండ వేళ్లలో లేదు, పైన పిక్క భాగంలో ఉంది. అక్కణ్ణుంచి తాళ్లతో నడిపిస్తుంది, తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషిలా. ఇది వినగానే “మరి మనకో?” అని పిల్లలను అడగండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడి పిడికిలి బిగించి విప్పమనండి. ముంజేతిలో కండ కదులుతుంది. మన వేళ్లూ దూరం నుంచే నడుస్తున్నాయి. కోడికాలును చూసి తన చెయ్యి తెలుసుకోవడం పిల్లలకు భలే తమాషాగా ఉంటుంది. కొమ్మ మీద కాళ్లు మడిచి కూర్చోగానే ఈ తాళ్లు బిగిసి వేళ్లు వాటంతటవే కొమ్మను చుట్టుకుంటాయని, అందుకే పిట్టలు నిద్రలో పడిపోవని పుస్తకాల్లో చాలాకాలంగా ఉంది. అన్ని పిట్టల్లోనూ అంత యంత్రంలా జరుగుతుందా అన్నది మాత్రం శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. పిల్లలకు ఆ వాదన ఉందని కూడా చెప్పండి. పెద్దవాళ్లకూ తేలని విషయాలున్నాయంటే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

మాంసం ముట్టని ఇళ్లలో కాలు కుదరదు, సరే. ఈక కుదురుతుంది.

నేను బడికి వెళ్లేటప్పుడు నాటుకోడి రెక్క ఈకలు ఒక కట్ట పట్టుకెళతాను. సబ్బు నీళ్లలో కడిగి ఎండలో ఆరేసినవి. (బర్డ్‌ఫ్లూ వార్తలు వినిపించే రోజుల్లో మాత్రం ఈకలు, కాళ్లు అన్నీ పక్కన పెట్టేయాలి. చచ్చిపడిన పిట్టను ఏ రోజుల్లోనూ ముట్టుకోనివ్వకూడదు. ఈకలు పట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మామూలే.) తలా ఒక ఈక ఇచ్చి, “దీన్ని పాడుచేయండి” అంటాను. ఒక్క నిమిషం ఎవరూ నమ్మరు. బళ్లో పాడుచేయమని ఎవరంటారు? తర్వాత పై నుంచి కిందికి దువ్వి, చీల్చి, నలిపి చింపిరి జుట్టులా చేసేస్తారు. “ఇప్పుడు బాగుచేయండి.” రెండు వేళ్ల మధ్య పట్టి, కాడ మొదలు నుంచి కొస వైపు మెల్లగా నాలుగుసార్లు నిమిరితే చీలికలు పూడిపోతాయి. ఈక మళ్లీ రేకులా అతుక్కుంటుంది. గదిలో ఒక్కసారిగా ‘హా’ అంటారు.

భూతద్దం ఇచ్చేది అప్పుడు. నడుమ కాడ, కాడకు రెండువైపులా పోగులు. భూతద్దానికి కనపడేది ఇంతే. ప్రతి పోగుకూ మళ్లీ చిరుపోగులు, వాటికి కొక్కేలు ఉంటాయి. అవి పక్క పోగు చిరుపోగులను పట్టుకుని ఉంటాయి. పిల్లల బ్యాగుకున్న జిప్పు తీసి వేసి చూపిస్తే చాలు. కాకి గోడ మీద కూర్చుని ముక్కుతో ఈకలు దువ్వుకుంటుందే, అది సింగారం కాదు, ఊడిన జిప్పులు వేసుకోవడం. ఈ మాట చెప్పిన మర్నాడు ఒక రెండో తరగతి పిల్ల వచ్చి, “సార్, మా కోడి ఇరవైమూడు సార్లు జిప్పు వేసుకుంది” అంది. లెక్కపెట్టిందట.

ఈక మీద ఒక నీటిచుక్క వేస్తే జారిపోతుంది. సబ్బునీళ్లలో ముంచి తీసిన తడి ఈక మీద వేస్తే పరుచుకుని ఇంకుతుంది. పోగుల అల్లిక, తోక మొదట్లో ఉండే తైలగ్రంథి నుంచి ముక్కుతో తీసి పూసుకునే నూనె, రెండూ కలిసి గొడుగు పని చేస్తాయి. ఇక ఇంట్లో నెమలీక ఉంటే దాన్ని వెలుగుకు అడ్డంగా ఎత్తి, దీపం వెనక ఉండేలా చూడమనండి. నీలం, ఆకుపచ్చ మాయమై మట్టిరంగు మిగులుతుంది. ఆ నీలం రంగుపొడి కాదు. ఈకలోని అతి సన్నటి అమరిక మీద వెలుతురు పడి తిరిగి రావడంలో పుట్టే రంగు. పాలపిట్ట రెక్కల్లో నీలమూ ఇలాంటి మాయే, కాకపోతే దాని అమరిక వేరు. తెలంగాణ రాష్ట్రపక్షి అయిన ఆ పిట్ట తీగ మీద కూర్చున్నప్పుడు ఏమంత గొప్పగా ఉండదు. ఎగిరినప్పుడే చూడాలి.

“సార్, మరి గబ్బిలం పక్షి కాదా?” అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. కవి జాషువా ఆ జీవిని శివుడి దగ్గరికి దూతగా పంపి 1941లో కావ్యం రాశాక తెలుగువాళ్లకు దాని మీద మమకారం ఎక్కువ. జవాబు మీరు చెప్పకండి. చేతిలో ఉన్న ఈకను చూపించి ఊరుకోండి. “దానికి ఈకల్లేవు!” అని వెనక బెంచీ నుంచి వస్తుంది.

గుడ్డు దగ్గర ఎక్కువసేపు ఆగను, అది అందరికీ తెలిసిన ఆట. గోరువెచ్చని కంటే కాస్త వేడి నీళ్లలో దించితే పెంకు మీద, ముఖ్యంగా లావు వైపున, సన్నటి బుడగలు కడతాయి. పెంకులో కొన్ని వేల రంధ్రాలుంటాయి, పొదిగే 21 రోజులూ లోపలి పిల్ల వాటి గుండానే గాలి పీలుస్తుంది. వెనిగర్‌లో ఒకటి రెండు రోజులుంచితే పెంకు కరిగి, పొరతో గుడ్డు మిగులుతుంది. చెయ్యి వేసి చూడని పిల్ల ఉండదు, పగలగొట్టని బడీ ఉండదు. పాత గుడ్డలు దగ్గర పెట్టుకోండి.

బతికున్న కోడి దగ్గరికి వద్దాం. మచ్చికైన పెట్టను రెండు చేతులా ఒద్దికగా పట్టుకుని, ఒంటిని మెల్లగా పైకీ కిందికీ, పక్కలకీ కదపండి. ఒళ్లు ఊగుతుంది, తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పెద్దవాళ్లైనా నవ్వకుండా ఉండలేరు. కోడి కన్ను మన కన్నులా గుంటలో తేలిగ్గా తిరగదు. చూపు నిలవాలంటే తలే నిలవాలి. పావురం నడిచేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఆడిస్తున్నట్టు కనిపించడమూ ఇందుకే. అది తలను ముందుకు విసిరి అక్కడ ఆపుతుంది, ఒళ్లు వెనకనుంచి వచ్చి కలుస్తుంది, మళ్లీ విసురుతుంది. 1978లో కెనడాలో ఫ్రాస్ట్ అనే శాస్త్రజ్ఞుడు పావురాలను ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. కాళ్లు నడుస్తున్నాయి గానీ చుట్టూ ఉన్నవి కదలడం లేదు. పావురాలు తల ఆడించడం మానేశాయి!

ఇది పిల్లలకు ఒంటికి పట్టాలంటే బస్సు చాలు. కిటికీ పక్క కూర్చుని బయటికి చూస్తున్నవాళ్ల కళ్లను గమనించమనండి. కనుగుడ్లు ఒక చెట్టును పట్టుకుని వెనక్కి వెళ్లి, టక్కున ముందుకు దూకి ఇంకో చెట్టును పట్టుకుంటాయి. పావురం మెడతో చేసే పనే మనం కళ్లతో చేస్తున్నాం.

నడక మాట వచ్చింది కాబట్టి ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చెబుతాను. దీనికి పైసా ఖర్చు లేదు. పిచ్చుక గెంతుతుంది. గోరింక నడుస్తుంది. కాకి రెండూ చేస్తుంది, దాని తొందరను బట్టి. పిల్లలను ఆరుబయట వరసగా నిలబెట్టి పిచ్చుకలా, గోరింకలా, కాకిలా వెళ్లమనాలి. చెప్పులు విప్పి మునివేళ్ల మీద నడవమనాలి, ఎందుకంటే పక్షులన్నీ నడిచేది వేళ్ల మీదే. కోడి మోకాలు వెనక్కి వంగిందనుకుంటామే, అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. ఓ పావుగంట ఇలా గెంతి ఆయాసపడ్డాక పళ్లెం పని.

పాత పెద్ద పళ్లెమో, చాటో, అదీ లేకపోతే నేల మీద రెండడుగుల చదరమో చాలు. మట్టిని జల్లెడ పట్టి, సన్నటి పొడిని వేలి మందాన పరిచి, అట్టముక్కతో చదును చేయాలి. పక్కనే వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు. (నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే పిట్టల కంటే ముందు దోమలు వస్తాయి.) చుట్టూ నాలుగు గింజలు, నూకలో కొర్రలో. సాయంత్రం పెట్టి పొద్దున్నే చూడాలి. జంట జంటగా పడిన గుర్తులు పిచ్చుకవి, గెంతింది కదా. ఒకదాని ముందు ఒకటిగా కుట్టు వేసినట్టున్నవి గోరింకవి. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. మామూలు పిట్టలన్నిటిదీ ఇదే పద్ధతి. చిలుక, వడ్రంగిపిట్ట, కోకిల మాత్రం రెండు ముందుకు, రెండు వెనక్కి.

ఇది పిల్లలాట అనుకునేవారికి కడప జిల్లా కథ ఒకటి. కలివికోడి అని ఒక పక్షి. జెర్డాన్ అనే ఇంగ్లిషు వైద్యుడు దాన్ని కనుగొన్నాడు, 1848లో అది గ్రంథస్థమైంది. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనిపించలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరుగుతుంది, పొదల్లో ఉంటుంది, మనిషి అలికిడికి మాయమవుతుంది. అలాంటిది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడం ఎలా? పరిశోధకులు ఆ పొదల మధ్య సన్నటి మట్టి జల్లించి పట్టీలుగా పరిచి, పొద్దున్నే అడుగులు వెతికారు. కలివికోడికి వెనక వేలు ఉండదు, మూడూ ముందుకే. మా బడి పిల్లలు చాటలో చేసిన పనే, కాకపోతే వాళ్లది అడవంత చాట.

ముక్కుల ఆట గురించి రెండు మాటలు. పట్టకారు, చెంచా, స్ట్రా, బట్టల క్లిప్పు ఇచ్చి గింజలు, నీళ్లు, దారపు ముక్కలు ఏరమనడం చాలాచోట్ల చేయిస్తున్నారు. మంచిదే, కానీ నా కళ్లముందు అది ఎప్పుడూ ఎవరు ఎక్కువ ఏరారన్న పోటీగా మారిపోయింది, పిట్టలు ఎటో పోయాయి. నేను తిరగేశాను. ముందు తిండి చూపిస్తాను. బురదనీళ్లలో మెంతిగింజల్లాంటి సన్నటివి తేలుతున్నాయి, వీటిని తినడానికి మీరు ఎలాంటి ముక్కు చేసుకుంటారు? వంటింట్లోంచి టీ వడపోత తెచ్చిన పిల్లాడికి పులికాట్‌కు వచ్చే రాజహంసల బొమ్మ చూపించాను. తల తలకిందులు చేసి, ముక్కును నీళ్లలో పెట్టి వడకట్టుకు తింటాయవి. “నా ముక్కే!” అన్నాడు వాడు.

ఇక గూడు, గిజిగాడిది. దీనికి ఒక పూట పూర్తిగా పెట్టుకోండి.

తాటాకును కానీ ఈతాకును కానీ సన్నగా, మూరెడు పొడవున చీల్చి పిల్లలకివ్వాలి. ఒక ఎండుకొమ్మను గుంజకు కట్టాలి. షరతు ఒకటే: బొటనవేలు, చూపుడువేలు, అదీ ఒక చేతివే వాడాలి. రెండో చెయ్యి వెనక్కి. గిజిగాడికి ఉన్నది ఒక ముక్కే కదా. (కాలితో నొక్కిపట్టుకుంటుంది, కాబట్టి పక్కవాణ్ని ఒక వేలుతో నొక్కిపట్టమని అడగొచ్చు. ఈ సడలింపు నేను చాలా గొడవలయ్యాక ఒప్పుకున్నాను.) మొదటి ముడి దగ్గరే బడి మొత్తం ఆగిపోతుంది. కొమ్మ చుట్టూ తిప్పగానే ఆకు జారిపోతుంది. ఇరవై నిమిషాలకు ఎవరికో ఒకరికి ముడి పడుతుంది, మిగతావాళ్లు చుట్టూ మూగుతారు. అప్పుడు, అప్పుడే, గిజిగాడి గూడు ఒకటి బయటికి తీయాలి. ముందే చూపిస్తే ‘బాగుంది’ అని వదిలేస్తారు. తమ వేళ్లు ఓడిపోయాక చూస్తే తిప్పి తిప్పి చూస్తారు.

కట్టేది మగపిట్ట. ముందు ఒక వలయం అల్లి, దాంట్లో కూర్చుని చుట్టూ అల్లుకుంటూ పోతుంది. సుమారు ఎనిమిది రోజులకు గూడు తలకిందులు చేసిన బుట్టలా, శిరస్త్రాణంలా తయారవుతుంది. అక్కడ ఆపి, వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టలను పిలుస్తుంది. ఆమె వచ్చి, లోపలికెళ్లి, చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే అంతే సంగతులు. ఒప్పుకున్నాకే కింది సొరంగం పూర్తవుతుంది. మొత్తం 18 రోజుల పని, 500 దాకా ప్రయాణాలు. ఇది మనకు తెలిసింది కూడా ఆ పిచ్చుకను కొట్టిన కుర్రాడి వల్లే చాలామట్టుకు. 1930లో ముంబై దగ్గర కిహిం అనే సముద్రతీర గ్రామంలో సలీం అలీ గిజిగాళ్లను గంటల తరబడి కనిపెట్టి చూశాడు. ఒకే మగపిట్ట ఒకదాని తర్వాత ఒకటిగా గూళ్లు కట్టి, వేరు వేరు ఆడపిట్టలకు ఇస్తుందని బయటపెట్టాడు. మరుసటి ఏడాదే ఆయన మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వేకి వచ్చాడు.

గూడు అల్లలేక ఏడుపుమొహం పెట్టిన పిల్లలకు నేను చెప్పేది మరొకటుంది. కుర్ర మగపిట్టలకూ మొదట చేతకాదు. ఆఫ్రికాలో ఉండే గిజిగాడి దాయాదుల మీద కొలియాస్ అనే శాస్త్రజ్ఞ దంపతులు చేసిన ప్రయోగాల్లో, చిన్నప్పుడు ఆకులు దొరక్క సాధన లేని పిట్టలు పెద్దయ్యాక సరిగ్గా అల్లలేకపోయాయి. ఇది విని ఒకడు “మరి వాటిని ఎవరు కొడతారు సార్?” అని అడిగాడు. ఎవరూ కొట్టరన్నాను. చాలాసేపు ఆలోచించాడు.

గూడు మాత్రం చెట్టు నుంచి తెంపకండి. ఖాళీ అయిన గూళ్లలో వేరే పిట్టలు తలదాచుకుంటాయి. వర్షాలు వెళ్లాక తాటిచెట్ల కింద, బావుల పక్కన రాలినవి దొరుకుతాయి. మిణుగురును మట్టిలో గుచ్చి దీపం పెట్టుకుంటుందన్న మాట పిల్లలు మీకే చెబుతారు. గూట్లో మట్టి మెత్తిన మాట నిజం, రాలిన గూట్లో వేలు పెట్టి వాళ్లే తడిమి చూడొచ్చు. మిణుగురు దొరికితే నాకు చెప్పమన్నాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.

లెక్కపెట్టడం చివర్న. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టలను లెక్కిస్తారు, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పావుగంట చూసినా చాలు. రాయడం రాని పిల్లలకు చింతపిక్కలు ఇవ్వండి. కాకికి ఒక గిన్నె, గోరింకకు ఒకటి, తెలియని పిట్టకు ఒకటి. వచ్చిన ప్రతిసారీ పిక్క వేస్తే ఒకే కాకి పదిసార్లు వచ్చి పది కాకులవుతుంది. అందుకని ఒకేసారి ఎన్ని కనిపించాయో, వాటిలో ఎక్కువ ఎంతో, అదే లెక్క. ఈ మెలిక ఒక పిల్ల తనంతట తను పట్టుకున్న రోజు నాకు గణితం మాస్టార్ల మీద కాస్త అసూయ తగ్గింది. ‘తెలియని పిట్ట’ గిన్నె నిండేకొద్దీ పేర్లు అడుగుతారు. ముందు వాళ్లనే పెట్టుకోనివ్వండి. ‘టోపీ పిట్ట’ అన్నారు మావాళ్లు. దాన్ని పెద్దవాళ్లు పిగిలిపిట్ట అంటారని వారం తర్వాత చెప్పాను. రెండు పేర్లూ ఉంచుకున్నారు.

మొన్న సంక్రాంతి సెలవులయ్యాక బడికి వెళితే వరండా చివర చాట చుట్టూ అయిదారుగురు గొంతుక్కూచుని ఉన్నారు. మట్టిలో జంట అడుగులు. అంచు నుంచి లోపలికి వచ్చాయి, గెంతు, గెంతు, గెంతు. నడిమధ్యలో ఆగిపోయాయి. బయటికి వెళ్లిన గుర్తే లేదు.

“పిల్లి ఎత్తుకుపోయింది” అన్నాడొకడు. పిల్లి అడుగేదీ లేదు.

చివరి జంట అడుగులకు అటూ ఇటూ మట్టి మీద ఏవో గీతలున్నాయి, సన్నగా, విసనకర్ర విప్పినట్టు. నేను నోరు మెదపలేదు. ఆ ఇరవైమూడు లెక్కపెట్టిన పిల్ల వంగి, మట్టికి తగలకుండా చెయ్యి చాచి, ఈ గీతల నుంచి ఆ గీతల దాకా కొలిచింది.

“జానా రెండు వేళ్లు,” అంది. తర్వాత తన రెండు చేతులూ పక్కలకు చాచి, ఒక్కసారి కిందికి కొట్టి చూసుకుంది.